రైలు, స్థానిక చరిత్ర మీద సాహిత్య ఉత్సవం: పాత టికెట్లు, రికార్డింగులు, వేదిక గురించి సలహాలు కావాలి

స్టేషన్‌రోడ్:

అందరికీ నమస్కారం. రైలు వచ్చాకే ఊరైన ఒక చిన్న ఊళ్లో రెండు రోజుల సాహిత్య ఉత్సవం తలపెట్టాం. కథా పఠనాలు, కవి సమ్మేళనం వరకు ఇబ్బంది లేదు. మిగతాదే తేలడం లేదు. రైల్వేలో పనిచేసి రిటైరైన వాళ్ల ఇళ్లలోంచి పాత అట్ట టికెట్లు, టైంటేబుళ్లు, వంతెన బ్లూప్రింట్లు, ఫొటో నెగెటివ్‌లు ఇస్తామంటున్నారు. పాడవకుండా ఎలా చూపించాలి? పెద్దవాళ్ల మాటలు రికార్డు చేయడానికి ఏం జాగ్రత్తలు? వేదికేమో పట్టాలకి వంద మీటర్ల లోపే. ఇవన్నీ పెట్టాక అది రైల్వే మ్యూజియం అయిపోకుండా సాహిత్య ఉత్సవంలాగే ఉండాలంటే ఏం చేయాలి?

కాగితంపురుగు:

అసలు కాగితాలు పెట్టెలో, నకళ్లు గోడ మీద. ముందు ఇది ఖాయం చేసుకోండి, సగం సమస్యలు తీరతాయి.

ఎందుకో లెక్క చూడండి. పాత కాగితం మీద 50 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం) మించి వెలుతురు పడనివ్వకూడదని మ్యూజియంలు పాటిస్తాయి. రోజుకి 8 గంటల చొప్పున రెండు రోజులంటే 800 లక్స్-గంటలు. నడి మధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్స్ ఉంటుంది. అంటే ఒక్క అర నిమిషం ఎండలో పెడితే రెండు రోజుల ప్రదర్శనంత వెలుతురు పడిపోయినట్టే. అతినీలలోహిత కిరణాల దెబ్బ దానికి అదనం. కిటికీ పక్క బల్ల వేసి టైంటేబుల్ తెరిచి పెట్టే చోటే ఎక్కువ నష్టం జరుగుతుంది.

అట్ట టికెట్ల సంగతి. 1830ల చివర్లో ఇంగ్లండ్‌లో థామస్ ఎడ్మండ్‌సన్ అనే స్టేషన్ మాస్టర్ మొదలుపెట్టిన పద్ధతి అది: ముందే అచ్చువేసిన, వరస నంబరున్న చిన్న అట్టముక్క. సుమారు 57 మి.మీ. వెడల్పు, 30 మి.మీ. ఎత్తు. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే వెడల్పున 1,350 పిక్సెళ్లే వస్తాయి. గోడకి ఏ3 సైజులో వేస్తే మసకబారుతుంది. 1200 డీపీఐ పెట్టండి, 2,690 దాకా వస్తాయి, సరిపోతుంది. టిఫ్ ఫైలుగా (నాణ్యత తగ్గని బొమ్మ ఫైలు) దాచుకోండి, వెనక వైపు కూడా స్కాన్ చేయండి. చాలామంది జారవిడిచేది తేదీ. చాలా టికెట్ల మీద తేదీ సిరాతో ఉండదు, యంత్రంతో నొక్కిన గుంట మాత్రమే ఉంటుంది. స్కానర్ వెలుతురు నేరుగా పడుతుంది కాబట్టి ఆ గుంట కనబడదు. టికెట్‌ని బల్ల మీద పెట్టి, ఒక పక్క నుంచి దాదాపు బల్లని తాకుతున్నట్టు టార్చి వేసి ఫొటో తీయండి. అంకెలు నీడలుగా లేచి కనిపిస్తాయి.

లామినేషన్ వద్దే వద్దు. వేడికి కరిగిన జిగురు కాగితంలోకి దిగితే మళ్లీ తీయలేం. సెల్లోటేపు, గుండుసూదులు కూడా అంతే. అసలు ప్రతి చూపించక తప్పకపోతే నాలుగు మూలలకి పారదర్శక పాలిస్టర్ మూలపట్టీలు చాలు.

బ్లూప్రింట్లది వేరే తీరు. ఆ నీలిరంగు క్షారానికి చెడుతుంది. ‘ఆమ్లరహితం’ అని అమ్మే కాగితాల్లో చాలావాటికి క్షారం కలిపి ఉంటుంది, అందులో చుడితే మేలు చేయబోయి కీడు చేసినట్టే. తటస్థంగా, క్షారం కలపనిది అడిగి తీసుకోండి. వెలుతురుకి వెలిసిన నీలం చీకట్లో ఉంచితే కొంత తిరిగి వస్తుంది, కానీ ఆ ధైర్యంతో ఎండలో పెట్టకండి.

నెగెటివ్‌ల విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. 1950ల ముందువి, అంచు మీద ‘సేఫ్టీ’ అని లేనివి నైట్రేట్ ఫిల్ము, అంటే తేలిగ్గా మండే పాతరకం ఫిల్ము, కావచ్చు. అంటుకుంటే నీళ్లకి కూడా ఆరదు, కాలడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే పుడుతుంది. జిగటగా ఉన్నా, ఘాటైన వాసన వస్తున్నా హాల్లోకి తేనివ్వకండి. భద్రపరిచే నిపుణులకి చూపించమని చెప్పండి.

ఇక రసీదు. వస్తువు, సంఖ్య, తీసుకున్నప్పటి ఫొటో, తిరిగిచ్చే తేదీ రాసి ఇద్దరూ సంతకం చేయాలి. స్కాన్ చేసి ప్రచురించడానికి అనుమతి విడిగా రాయించుకోండి. ఫొటో ఇచ్చినవారిది కాగితం మాత్రమే కావచ్చు, హక్కు తీసినవారిదై ఉండొచ్చు.

లైన్‌క్లియర్:

రికార్డింగు గురించి. రికార్డరులో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అని పెట్టి, వేవ్ ఫైలుగా (కుదించని ధ్వని) తీయండి. ఒక్క మైకుతో (మోనో) గంటకి 520 ఎంబీ లెక్కేసుకోండి. కాలరు మైకు గడ్డానికి జానెడు కిందుగా పెట్టాలి. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపండి. తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ ఫ్యాన్ చప్పుడుని శుభ్రంగా తీయలేదు. మొదట్లో ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం గది నిశ్శబ్దం రికార్డు చేయండి, కత్తిరించి అతికేటప్పుడు పనికొస్తుంది.

అసలు కిటుకు ప్రశ్నలో ఉంది. ‘మీ అనుభవాలు చెప్పండి’ అంటే సన్మానసభ ఉపన్యాసం వస్తుంది. ‘డ్యూటీ ఎక్కగానే మొదట చేతిలోకి తీసుకునేది ఏది?’, ‘రాత్రి పొగమంచులో సిగ్నల్ కనబడకపోతే ఏం చేసేవారు?’ అని అడగండి. చేతిలో వస్తువు పెడితే ఇంకా మంచిది. ఒంటి లైను (రెండు వైపుల రైళ్లూ ఒకే పట్టాల మీద నడిచేది) మీద పనిచేసినవారికి టోకెన్ బిళ్ల, అంటే ఆ లైన్లోకి వెళ్లడానికి డ్రైవరుకి ఇచ్చే అనుమతి బిళ్ల, ఇచ్చి చూడండి, దాన్ని డ్రైవరుకి ఎలా అందించేవారో చేతులే చూపిస్తాయి. ఆ బిళ్ల వెనకా చరిత్ర ఉంది: 1874లో ఇంగ్లండ్‌లో నారిచ్ దగ్గర థోర్ప్‌లో ఒంటి లైను మీద రెండు రైళ్లు ఎదురెదురుగా ఢీకొన్నాక ఎడ్వర్డ్ టైయర్ ఈ బిళ్లలిచ్చే టాబ్లెట్ యంత్రం తయారుచేశాడు. ఒక బిళ్ల బయటికి వస్తే, అది తిరిగి యంత్రంలో పడేదాకా రెండోది రాదు.

డ్రైవర్లు, స్టేషన్ మాస్టర్లతోనే ఆగిపోకండి. పట్టాలు మోసిన గ్యాంగ్‌మన్లు, గేటు కాసినవారు, పోర్టర్లు, క్వార్టర్లలో కాపురాలు నడిపిన ఆడవాళ్లు చెప్పేది ఏ ఫైల్లోనూ దొరకదు. తేదీలు మాత్రం ఆ ఏటి టైంటేబుల్‌తో సరిచూసుకోండి, జ్ఞాపకం క్రమాన్ని మార్చేస్తుంది.

గేటుదీపం:

పట్టాలకి అంత దగ్గరంటే అలంకరణ చాలా జాగ్రత్తండీ. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు దీపాలు పట్టాల వైపు కనిపించకూడదు. డ్రైవరు వాటిని సిగ్నల్ అనుకునే ప్రమాదం ఉంది. పచ్చజెండా ఊపి ఉత్సవం ప్రారంభించడం, పిల్లలకి గార్డు ఈలలు పంచడం లాంటివి కూడా మానేయండి, లేదా పట్టాలు కనబడని హాల్లో చేయండి. రైల్వే స్థలంలో ఒక్క కుర్చీ వేసినా రాతపూర్వక అనుమతి ఉండాల్సిందే.

శబ్దానికి: స్పీకర్లు పట్టాలకి వీపు పెట్టి నిలబెట్టండి, స్టేషన్ ప్రకటనలని మింగేయకూడదు. ప్రయాణికుల రైళ్ల వేళలు తీసుకుని పఠనాలు వాటి మధ్య సర్దండి. గూడ్స్ బళ్లు ఆ పట్టికలో ఉండవు కాబట్టి, హారన్ వినగానే ఆగి, రైలు పోయాక ఆగిన వాక్యం మొదటినుంచి చదవమని కవులకి ముందే చెప్పి ఉంచండి.

పాతపుస్తకం:

మ్యూజియం అయిపోతుందన్న భయానికి ఒక్కటే మందు: ప్రతి వస్తువు పక్కనా ఒక రచన ఉండాలి, ప్రతి చర్చలోనూ ఒక వస్తువు బల్ల మీద ఉండాలి.

రైలుకీ చదువుకీ ఉన్న చుట్టరికం బలమైనది. లండన్ యూస్టన్ స్టేషన్‌లో డబ్ల్యూ.హెచ్. స్మిత్ పుస్తకాల దుకాణం 1848లో తెరిచారు. 1877లో అలహాబాద్‌లో స్టేషన్ పుస్తకాల దుకాణాల సంస్థ ఏ.హెచ్. వీలర్ మొదలైంది. ప్రయాణంలో చదివి ముగించేలా చవక పుస్తకాల వరసలే పుట్టుకొచ్చాయి. దీని మీద ఒక గంట చర్చ, పక్కనే పాత స్టేషన్ పుస్తకాల బల్ల పెట్టొచ్చు.

ఇంకొకటి కాలం. రైలు రాకముందు ఏ ఊరి గడియారం ఆ ఊరిదే. 1840లో ఇంగ్లండ్‌లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే తన లైనంతా లండన్ సమయం పెట్టింది. 1883 నవంబరు 18న అమెరికా, కెనడా రైళ్లు దాదాపు అన్నీ కాలమండలాలకి (టైమ్ జోన్లకి) మారాయి. కవుల వర్క్‌షాపుకి ఇంతకన్నా మంచి వస్తువు దొరకదు. పాత టైంటేబుల్‌లో ఒక్క పేజీ నకలిచ్చి, ఆ నిలువు వరసలోని స్టేషన్ పేర్లతోనే ఇరవై నిమిషాల్లో పద్యం రాయమనండి.

రైలు తెచ్చినదే కాదు, పట్టుకుపోయినదీ మాట్లాడాలి. పట్టాల కింద అడ్డంగా వేసే చెక్క స్లీపర్లు కిలోమీటరుకి వెయ్యికి పైగా పడేవి, కొన్నేళ్లకి వాటిని మళ్లీ మార్చాలి. 1864లో భారత అటవీ శాఖ ఏర్పడటానికి ఆ కలప అవసరం ఒక ముఖ్య కారణం. భూములు పోయినవారు, లైను కట్టిన కూలీలు ఉత్సవంలో కనబడకపోతే వారసత్వం అన్న మాటకి అర్థం లేదు.

స్టేషన్‌రోడ్:

చాలా కృతజ్ఞతలు అందరికీ. కాగితంపురుగు గారూ, ఒక కుటుంబం తాతగారి అసలు టికెట్లే పెట్టాలని పట్టుబడుతోంది. ఎలా?

కాగితంపురుగు:

రోజూ ఒక గంట, కిటికీ లేని గదిలో, అద్దం పెట్టెలో పెట్టండి. ఆ కుటుంబంలో ఒకరిని పక్కనే కూర్చోబెట్టి వివరం చెప్పమనండి. మిగతా వేళల్లో అదే చోట నకలు ఉంచి, అసలుది ఎన్ని గంటలకి చూడొచ్చో చీటీ పెట్టండి. 50 లక్స్ చూడటానికి ఫోను యాప్‌ని నమ్మకండి, లక్స్ మీటరు అరువు తెచ్చుకోండి.