ఈఆర్‌పీనెక్స్ట్ కస్టమ్ యాప్‌కి టెస్టింగ్: సైప్రెస్సా, ప్లేరైటా, రోబోట్ ఫ్రేమ్‌వర్కా?

బెజవాడ_బెంచ్:
అందరికీ నమస్తే. విజయవాడలో ఒక డిస్ట్రిబ్యూటర్‌కి మేం ఈఆర్‌పీనెక్స్ట్ (బిల్లులు, స్టాక్, అకౌంట్స్ చూసుకునే సాఫ్ట్‌వేర్) పెట్టాం, దానిపైన మా సొంత యాప్ ఒకటి ఉంది, స్కీములు, రిటర్నులు, లారీ లోడింగ్ అన్నీ అందులోనే. ఇప్పుడు వెర్షన్ 14 నుంచి 15కి మారాలి. ఇన్నాళ్లూ టెస్టింగ్ అంతా చేత్తోనే చేశాం, ఇక ఆటోమేట్ చేయాలి. టీములో ఇద్దరు డెవలపర్లు, ఒక అకౌంట్స్ ఆయన. ఈఆర్‌పీనెక్స్ట్ తయారుచేసిన ఫ్రాపే వాళ్ల యూఐ టెస్టులు (బ్రౌజర్‌లో స్క్రీన్లు నొక్కి చూసేవి) సైప్రెస్‌లో ఉన్నాయి కదా, అదే తీసుకుందామా, లేక అలాంటి టెస్టింగ్ టూల్సే అయిన ప్లేరైటా, రోబోట్ ఫ్రేమ్‌వర్కా? వాడినవాళ్లు చెప్పండి.

పైథాన్_రవి:
సైప్రెస్ వద్దు బ్రదర్. టెస్టులు జావాస్క్రిప్ట్‌లోనో టైప్‌స్క్రిప్ట్‌లోనో రాయాలి, మీ లాజిక్ అంతా పైథాన్‌లో ఉంటది. ప్లేరైట్‌కి పైథాన్ ఉంది, క్రోమియం, ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్ మూడిట్లో నడుస్తది, బటన్ రెడీ అయ్యేదాకా అదే ఆగుతది, స్లీప్‌లు పెట్టే పని లేదు. ఫెయిలైతే ట్రేస్ వ్యూయర్‌లో ఒక్కో క్లిక్కూ చూస్కోవచ్చు. కానీ యూఐ టెస్టులు పదీ పదిహేనుకి మించనీయకండి. సేల్స్ ఇన్వాయిస్ సబ్మిట్ చేసి లెడ్జర్ ఎంట్రీలు చూడ్డానికి బ్రౌజర్ ఎందుకు, సర్వర్‌లో పైథాన్ టెస్టులు నడిపే బెంచ్ రన్-టెస్ట్స్ కమాండ్ కొడితే అయిపోతది.

క్లిక్_కిరణ్:
సెలీనియం చాలదా అన్నా? 2004 నుంచి ఉంది, ఏ డౌటొచ్చినా జవాబు దొరుకుద్ది.

టెస్టర్_పద్మ:
రోబోట్ ఫ్రేమ్‌వర్క్ తీసుకోండి. నోకియాలో పుట్టింది, 2008లో ఓపెన్ సోర్స్ చేశారు, కింద బ్రౌజర్ లైబ్రరీ పెట్టుకుంటే లోపల నడిచేది ప్లేరైటే, కాబట్టి రవి గారు చెప్పిన ఆగడాలూ అవీ అన్నీ వస్తాయి. కీవర్డుల (టెస్టులో ఒక్కో స్టెప్) పేర్లు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. "ఖమ్మం పార్టీకి ఇన్వాయిస్ చెయ్యి", "ఐజీఎస్టీ ఇంత పడాలి" అని ఉంటే మీ అకౌంట్స్ ఆయన చదివి తప్పో ఒప్పో చెప్తారు. పైథాన్ ఫైలు ఆయన ముందు పెడితే ఏం చెప్తారు?

జేఎస్_జగదీష్:
సైప్రెస్‌ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. ఫ్రాపే కోడ్‌లో లాగిన్‌కి, ఫారం నింపడానికి, లింక్ ఫీల్డ్‌కి కమాండ్లు ఆల్రెడీ రాసి పెట్టున్నాయి, ప్లేరైట్‌లో ఇవన్నీ మళ్లీ మొదట్నుంచి రాసుకోవాలి.

పైథాన్_రవి:
ప్రింట్‌లో పీడీఎఫ్ నొక్కితే కొత్త ట్యాబ్ తెరుస్తది. సైప్రెస్‌కి రెండో ట్యాబ్ చేతకాదు. అది చెప్పండి ముందు.

జేఎస్_జగదీష్:
ట్యాబ్ తెరిచే విండో ఓపెన్‌ని స్టబ్ చేసి (దాని బదులు ఉత్తుత్తిది పెట్టి) ఆ లింక్‌కి రిక్వెస్ట్ కొట్టొచ్చు.

పైథాన్_రవి:
అంటే యూజర్ చేసేది టెస్ట్ చెయ్యట్లేదు అన్నమాట.

జేఎస్_జగదీష్:
పీడీఎఫ్ వచ్చిందా లేదా అనేది కావాలి గానీ ట్యాబ్‌తో పనేంటండీ!

బెజవాడ_బెంచ్:
అన్నా, మాకు పీడీఎఫ్ సమస్య లేదు. భయమంతా ట్యాక్స్, స్టాక్ వాల్యుయేషన్ గురించే. పాత తేదీతో ఒక్క పర్చేజ్ రిసీట్ పడిందంటే ఆ తేదీ తర్వాత ఆ ఐటెం స్టాక్ వాల్యుయేషన్ మొత్తం రీపోస్ట్ అవుతుంది, అంటే సరుకు విలువ మళ్లీ లెక్కేస్తుంది.

టెస్టర్_పద్మ:
ట్యాక్స్ అన్నారు కాబట్టి చెప్తా. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి కదా, నెయ్యి 12 నుంచి 5కి వచ్చింది. 20న అమ్మిన వెయ్యి రూపాయల నెయ్యి 25న వెనక్కొస్తే క్రెడిట్ నోట్‌లో పాత రేటు ప్రకారం 120 తగ్గాలి. నేను పని చేసిన చోట కస్టమ్ కోడ్ ఆ రోజు రేటుని ఐటెం మాస్టర్ (సరుకుల వివరాలుండే చోటు) నుంచి తెచ్చి 50 వేసింది. టెస్టులు మాత్రం అన్నీ పచ్చగానే ఉన్నాయి, ఎందుకంటే రాసిన డెవలపరే "రావాల్సిన విలువ" కూడా అదే మాస్టర్ నుంచి తెచ్చి పోల్చాడు. కోడ్ ఏం నమ్ముతుందో టెస్టూ అదే నమ్మింది. లెక్క తెలిసినవాళ్లు 120 అని చేత్తో రాసుంటే ఆ రోజే దొరికేది.

పైథాన్_రవి:
ఇది రోబోట్ గొప్పతనం కాదు మేడం. ఎక్స్‌పెక్టెడ్ విలువలు సీఎస్‌వీ ఫైల్లో పెట్టి, పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్‌కి ఇస్తే అదే పని జరుగుతది. మధ్యలో ఇంకో లేయర్ ఎందుకు? మాన్యువల్ టెస్టింగ్ నుంచి వచ్చినోళ్లకి కోడ్ రాయడం ఇష్టం ఉండదు, అందుకే రోబోట్ రోబోట్ అంటారు.

టెస్టర్_పద్మ:
ఆ మాట అంటారని తెలుసు. "డెవలపర్లే ఆటోమేట్ చేస్తారు, టెస్టర్లు దేనికి" అని మా టీముని తీసేసింది కూడా ఈ మాటతోనే. నేను చెప్పిన నెయ్యి సంగతి జరిగింది మేం వెళ్లిపోయాకే, అక్కడే ఉన్న అకౌంటెంట్ ఫోన్ చేసి చెప్పింది. కోడ్ రాయడం నాకొచ్చు, ఆ మాటకొస్తే రోబోట్ లైబ్రరీలు రాసేది పైథాన్‌లోనే. నా బాధ ఫ్రేమ్‌వర్క్ గురించి కాదు, సాఫ్ట్‌వేర్ కరెక్టని చెప్పే హక్కు రాసినవాడి చేతిలోనే ఉండిపోతోంది, దాని గురించి.

క్లిక్_కిరణ్:
పద్మక్కా 👏

పైథాన్_రవి:
నా వైపు కూడా వినండి. మా దగ్గర వందల కీవర్డులతో ఒక సూట్ కట్టి ఆ టెస్టర్ వేరే జాబ్‌కి పోయాడు. అప్‌గ్రేడ్‌లో స్క్రీన్ మారగానే సగం ఎర్రగా అయినయ్, రాత్రిళ్లు కూర్చుని బాగుచేసింది నేను. ఏ కీవర్డ్ లోపల ఏ కీవర్డ్ ఉందో తవ్వుకుంటూ పోవాలె. చదవడానికి బాగుంటది అని మీరంటరు, పగిలినప్పుడు ఎవరి మెడకి చుట్టుకుంటదో దాని గురించి ఎవరూ మాట్లాడరు. హక్కు మీకు, రిపేరు మాకా?

టెస్టర్_పద్మ:
రిపేరుకి మనిషిని పెట్టకుండా సూట్ కట్టించిన మేనేజర్‌ని అడగాలి ఆ మాట.

బెజవాడ_బెంచ్:
ఇద్దరు చెప్పిందీ చదివాక మేం ఇలా అనుకుంటున్నాం. కేసులు అకౌంట్స్ ఆయన ఎక్సెల్‌లో రాస్తారు, విలువలు ఆయన చేత్తో వేసినవే: ఏపీ (జీఎస్టీ కోడ్ 37) లోపల అయితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, తెలంగాణకి (కోడ్ 36) పోతే ఐజీఎస్టీ, పాత రేటు రిటర్నులు, పాత తేదీ రిసీట్లు. ఆ షీట్‌ని సర్వర్ టెస్టులు చదువుతాయి. లోడింగ్ స్క్రీన్, రిటర్న్ స్క్రీన్‌కి మాత్రం ప్లేరైట్. రోబోట్ ఇప్పటికి వద్దు.

టెస్టర్_పద్మ:
సరే. షీట్‌లో ఒక అంకె మార్చాలంటే ఎవరు మార్చొచ్చు?

బెజవాడ_బెంచ్:
ఆయనొక్కరే. డెవలపర్లకి చదవడం వరకే.

పైథాన్_రవి:
మరి రిలీజ్ రోజు టెస్ట్ ఫెయిలై, ఆయన సెలవులో ఉంటే?

బెజవాడ_బెంచ్:
రిలీజ్ ఆగుద్ది. క్లయింట్‌తో ఈ మాట నేనే మాట్లాడతా.