ఒక్కొక్కరికి రెండు స్కాన్ ఇమేజ్‌లు: గ్రూప్ తేడా ఏ మోడల్‌లో అడగాలి?

శైలజ, పర్లాకిమిడి:
అందరికీ నమస్కారం. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసినా ఇక్కడ తెలుగు పోలేదు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. అందుకే పీహెచ్‌డీకి ఈ ప్రశ్న తీసుకున్నాను: రెండు లిపులూ చదవగలిగిన వాళ్లలో, బడిలో ఏ మీడియం అన్నదాన్ని బట్టి మెదడు పనితీరు మారుతుందా? తెలుగు మీడియం వాళ్లు 12 మంది, ఒడియా మీడియం వాళ్లు 12 మంది. విశాఖలో ఎఫ్ఎంఆర్ఐ (పని చేస్తున్న మెదడును చూపే స్కాన్) తీయించాం. ప్రతి ఒక్కరూ రెండు లిపుల్లోనూ మాటలు చదివారు.

ఎస్పీఎంలో (మెదడు స్కాన్‌లను విశ్లేషించే సాఫ్ట్‌వేర్) ఒక్కొక్కరికి రెండు కాన్ ఇమేజ్‌లు (ఒక్కో లిపికి మెదడు స్పందన మ్యాప్ ఒకటి), మొత్తం 48. అందులోని ఫ్లెక్సిబుల్ ఫ్యాక్టోరియల్ అనే మోడల్‌లో సబ్జెక్ట్ (ఒక్కో మనిషి), గ్రూప్, లిపి మూడూ, గ్రూప్‌కీ లిపికీ ఇంటరాక్షన్ (లిపి ప్రభావం గ్రూప్‌ను బట్టి మారడం) తో సహా పెట్టాను. గ్రూప్ కాంట్రాస్ట్‌ను (రెండు గ్రూపుల పోలికను) సబ్జెక్ట్ కాలమ్స్‌కు కూడా వెయిట్లు ఇస్తేనే తీసుకుంది. తీరా చూస్తే సగం మెదడు వెలిగిపోతోంది! ఇంత తక్కువ మందితో ఇది నమ్మబుద్ధి కావడం లేదు. వచ్చే వారం గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

కిరణ్, బరంపురం:
శైలజ గారూ, మీ అనుమానం సరైందే, ఆ మ్యాప్ గైడ్‌కి చూపించకండి. రెండు గ్రూపులను పోల్చేటప్పుడు మనిషికీ మనిషికీ మధ్య ఉండే తేడాయే ఎర్రర్ (గ్రూప్ తేడా పెద్దదో కాదో తేల్చే కొలమానం) కావాలి. సబ్జెక్ట్ కాలమ్స్ పెట్టగానే ఆ తేడా మొత్తం వాటిలోకి వెళ్లిపోయింది. మిగిలింది, లిపి వల్ల వచ్చే మార్పు ఒక్కొక్కరిలో ఎంత అటూ ఇటూ అవుతుందన్నదే. అది చిన్నది, దాంతో భాగిస్తే టీ విలువ (తేడాను ఎర్రర్‌తో పోల్చి చెప్పే అంకె) ఉబ్బిపోతుంది.

ప్రశ్నలను విడగొట్టండి. గ్రూప్ కోసం ప్రతి మనిషి రెండు ఇమేజ్‌ల సగటు తీసి, 24 సగటులతో టూ శాంపిల్ టీ టెస్ట్ (రెండు గ్రూపుల సగటులను పోల్చే పరీక్ష) చేయండి. లిపికి, ఇంటరాక్షన్‌కి తెలుగు ఇమేజ్‌లోంచి ఒడియా ఇమేజ్ తీసేసి, ఆ 24 తేడాలతో ఇంకో టూ శాంపిల్ టెస్ట్. అందులో గ్రూపుల మధ్య తేడాయే ఇంటరాక్షన్, రెండు గ్రూపుల సగటు లిపి ప్రభావం. రెండు టెస్టుల్లోనూ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఎర్రర్‌ను అంచనా వేయడానికి మిగిలే స్వతంత్ర విలువలు) 22.

మీ పాత మోడల్‌లోనూ ఇంటరాక్షన్‌కి 48 ఇమేజ్‌ల్లోంచి మోడల్‌లోని 26 స్వతంత్ర కాలమ్స్ తీసేస్తే 22 వస్తుంది. రెండుచోట్లా వేరియన్స్‌లు (విలువల చెదురు) సమానం అని పెట్టి చూడండి, టీ విలువలు కలవాలి. సబ్జెక్ట్ లేకుండా ఫుల్ ఫ్యాక్టోరియల్‌కి మాత్రం వెళ్లకండి. 48 ఇమేజ్‌లు 48 మంది మనుషులు కారు.

రాజేశ్వరి, బల్లార్షా:
చెల్లీ, ముందు ముందు మూడో కండిషన్ చేరిస్తే జాగ్రత్త. ఎస్పీఎం కొన్ని వోక్సెల్స్‌ను (స్కాన్‌లోని చిన్న ఘనాలను) కలిపి, ఒకే మనిషి ఇమేజ్‌ల మధ్య పొంతనకు ఒకే కోరిలేషన్ నమూనా అంచనా వేసి మెదడంతా అదే వాడుతుంది. నిజానికి అది చోటు చోటుకీ మారుతుంది. ముఖ్యమైన ప్రతి పోలికకూ విడిగా తేడా ఇమేజ్ చేసుకోవడం నాకు నచ్చిన దారి. మళ్లీ మళ్లీ రప్పించి స్కాన్ చేసే పనైతే మనుషులు మధ్యలో మానేస్తారు. అప్పుడు ఏఎఫ్ఎన్ఐలో (ఇంకో మెదడు స్కాన్ సాఫ్ట్‌వేర్) మిక్స్‌డ్ మోడల్స్, లేదా ఎస్పీఎంకు శాండ్‌విచ్ ఎస్టిమేటర్ టూల్‌బాక్స్ చూడు, ఇవి కొన్ని స్కాన్‌లు లేకపోయినా పని చేస్తాయి.

శైలజ, పర్లాకిమిడి:
అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. ఇంటరాక్షన్ విలువలు అచ్చంగా కలిశాయి! సగటులతో చేస్తే గ్రూప్ తేడా చాలావరకు పోయింది. వయసు కూడా పెట్టాలి, మరి తేడా ఇమేజ్‌ల మోడల్‌లో దానికి అర్థం ఉంటుందా?

కిరణ్, బరంపురం:
ఉంటుంది. అక్కడ వయసు అడిగేది, లిపుల మధ్య తేడా వయసుతో మారుతుందా అని. 24 మంది సగటు వయసును అందరి వయసులోంచి తీసేసి పెట్టండి. రెండు గ్రూపుల వయసులు బాగా దూరంగా ఉంటే మాత్రం చెప్పండి, అప్పుడు ఏది మీడియం వల్లో, ఏది వయసు వల్లో ఈ మోడల్ విడదీయలేదు.