అప్‌డేట్: తొడల నొప్పితో, అరకొర ప్రాక్టీసుతో హాఫ్ మారథాన్ – ఏమైందంటే

అలిపిరి మెట్లు దిగొచ్చాక తొడలు పట్టేశాయి, ప్రాక్టీసులో అన్నిటికన్నా పొడవైన పరుగు కూడా 12 కిలోమీటర్లు దాటలేదు, ఈ ఆదివారం తిరుపతిలో 21.1 కిలోమీటర్ల హాఫ్ మారథాన్ పరుగెత్తొచ్చా అని ఇక్కడ అడిగాను కదా. పూర్తి చేశాను, గాయమేమీ లేదు. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పరుగుకి ముందు ఫిజియోథెరపిస్టు దగ్గరికెళ్లాను. ఫిజియో ముందు చూసింది తొడల్ని కాదు, మోకాలి కింద ముందువైపు ఎముకని. వేలితో పైనుంచి కిందిదాకా నొక్కారు, ఒంటికాలి మీద గెంతించారు. ఒకేచోట చురుక్కుమంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నని పగులు) అనుమానించాలట. అప్పుడు పరుగు మాటే లేదు. నాకున్నది రెండు తొడల ముందువైపు ఒకేలా ఉన్న కండరాల నొప్పి. మెట్లు ఎక్కడం వల్ల కాదు, దిగడం వల్ల: దిగేటప్పుడు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. ఇది సాధారణంగా 24–72 గంటల మధ్య ముదిరి, తర్వాత తగ్గుతుంది. అందుకే పరుగెత్తొచ్చన్నారు. షరతు ఒక్కటే, కుంటడం మొదలైతే ఆపేయాలి.

పనిచేసిన సలహా 4 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక. మొదటి కిలోమీటరు నుంచే, కాళ్లు బాగున్నప్పుడే నడవాలి. అలిసిపోయాక మొదలుపెడితే అది ప్లాన్ కాదు, గతిలేక నడవడం.

చలి గురించిన సలహాలు మన ఊరికి అక్కర్లేదు. ఫుల్ స్లీవ్స్ కాసేపటికే నడుముకి చేరాయి. కొత్త షూ కూడా అనవసరం. ముందే ఇబుప్రోఫెన్ అనే నొప్పి మాత్ర వేసుకోవడాన్ని మాత్రం ఫిజియో గట్టిగా వద్దన్నారు: నొప్పిని కప్పేస్తుంది, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీలకు ప్రమాదం.