డీహెచ్‌సీపీలో ‘లీజు’కి తెలుగు మాట ఏది? అద్దె, అరువు, కౌలు

అందరికీ నమస్కారం. నెట్‌వర్క్‌లో కంప్యూటర్లకి ఐపీ అడ్రసులు, అంటే వాటిని గుర్తుపట్టే అంకెల చిరునామాలు, పంచే పద్ధతి డీహెచ్‌సీపీ. అందులో ‘లీజు’ అనే ఒక్క మాట కోసం వచ్చాను. పోస్టు కాస్త పొడవుగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నేను నెట్‌వర్క్ పని చేస్తాను. ఆఫీసులో కంప్యూటర్లు వాడేవాళ్ల కోసం, ముఖ్యంగా ఇంగ్లీషు మెసేజ్ చూడగానే కంగారుపడే వాళ్ల కోసం, తెలుగులో రెండు పేజీల సహాయ పత్రం రాశాను. నెట్ రాకపోతే ముందు ఏం చూడాలి, తెర మీద వచ్చే ఏ మాటకి ఏమిటి అర్థం, ఇలాంటివి అందులో ఉన్నాయి. ‘ఐపీ అడ్రస్ లీజ్ ఎక్స్‌పైర్డ్’ అనేదానికి ‘మీ ఐపీ అడ్రస్ అద్దె గడువు ముగిసింది’ అని రాశాను. రాసేటప్పుడు అందులో తప్పేమీ కనబడలేదు.

వారం తిరక్కుండానే అకౌంట్స్ చూసే ఒకావిడ ఫోన్ చేశారు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. “బాబూ, అద్దె గడువు అయిపోయిందట. ఎవరికి కట్టాలి? పోయిన నెల బిల్లు నేనే పంపించాను కదా!” అన్నారు. నాకు ఫోన్ చేసే ముందు బిల్లుల ఫైలంతా తిరగేశారట. ఆవిడ తప్పు ఏమీ లేదు. అద్దె అంటే ఎవరికైనా ముందు డబ్బే గుర్తొస్తుంది. నేను ఎంచుకున్న మాటే తప్పు. ఆ రోజు నుంచీ సరైన మాట కోసం వెతుకుతున్నాను.

ఇక్కడ అందరూ నెట్‌వర్క్ వాళ్లు కారు కాబట్టి, అసలు జరిగేది ఏమిటో చెబుతాను. అది తెలియకుండా మాట ఎంచుకోలేం.

లోకల్ నెట్‌వర్క్‌లో ప్రతి కంప్యూటర్‌కీ ఒక ఐపీ అడ్రస్ ఉండాలి. అదే అడ్రస్ మరోదానికి ఉండకూడదు. దాంతోపాటు ఏ అడ్రసులు తన నెట్‌వర్క్‌లోవో చెప్పే సబ్‌నెట్ మాస్క్, బయటి నెట్‌వర్క్‌కి దారి చూపే గేట్‌వే, పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్‌ఎస్ సర్వర్ వివరాలు కూడా దానికి తెలియాలి. పది కంప్యూటర్లయితే ఇవన్నీ చేత్తో కొట్టుకోవచ్చు. రెండు వందలైతే ఎక్కడో ఒక అంకె తప్పు పడుతుంది. ఒకే అడ్రస్ రెండింటికి పడిందంటే రెండూ మొరాయిస్తాయి. అందుకే ఈ పనిని ఒక సర్వర్‌కి అప్పగిస్తాం. చిన్న నెట్‌వర్క్ అయితే రౌటరే ఆ పని చూసుకుంటుంది. ఈ పద్ధతి పేరే డీహెచ్‌సీపీ. దీన్ని మొదట 1993లో ప్రమాణంగా రాశారు. ఇప్పుడు అందరూ ఆధారంగా పెట్టుకునే రూపం 1997 మార్చిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2131 అనే ప్రమాణ పత్రం.

దానికి ముందు, 1985లో వచ్చిన బూట్‌పీ అనే పద్ధతి ఉండేది. అందులో ఫలానా మెషీన్‌కి ఫలానా అడ్రస్ అని ముందే పట్టికలో రాసిపెట్టేవారు. గడువు పెట్టి ఇవ్వడం, గడువు తీరాక అదే అడ్రస్‌ని ఇంకొకరికి ఇవ్వగలగడం డీహెచ్‌సీపీతో వచ్చాయి. ఈ పద్ధతికి ప్రాణం ఆ గడువులోనే ఉంది. మాటలో అది పలక్కపోతే విషయం సగం పోయినట్టే.

ఇక సంభాషణ ఇలా నడుస్తుంది. కొత్తగా వచ్చిన కంప్యూటర్‌కి ఇంకా అడ్రస్ లేదు. అందుకని తన అడ్రస్ దగ్గర 0.0.0.0 అని పెట్టుకుని, 255.255.255.255కి, అంటే ఆ నెట్‌వర్క్‌లో అందరికీ వినబడేలా కేక వేస్తుంది: “ఇక్కడ అడ్రసులు ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా?” సర్వర్ పలుకుతుంది: “ఉన్నాను. 192.168.1.57 ఖాళీగా ఉంది, ఎనిమిది గంటలకి ఇస్తాను, కావాలా?” కంప్యూటర్ “సరే, అదే ఇవ్వు” అంటుంది. ఈ మాట కూడా అందరికీ వినబడేలాగే అంటుంది. ఇంకో సర్వర్ కూడా ఒక అడ్రస్ ఇవ్వజూపి ఉండొచ్చు కదా, తనది అక్కర్లేదని దానికీ తెలియాలి. చివరికి మొదటి సర్వర్ “ఇచ్చాను” అంటుంది. డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, అక్నాలెడ్జ్ అనే ఈ నాలుగింటి మొదటి అక్షరాలు కలిపి మా వాళ్లు ‘డోరా’ అని గుర్తుపెట్టుకుంటారు.

ఆ ఎనిమిది గంటలూ లీజు గడువు. అందులో సగం, అంటే నాలుగు గంటలు గడవగానే కంప్యూటర్ తనకి అడ్రస్ ఇచ్చిన సర్వర్‌నే నేరుగా పొడిగించమని అడుగుతుంది. జవాబు రాకుండానే ఏడు గంటలు, అంటే ఎనిమిదింట ఏడు వంతులు గడిచిపోతే ఇక ఆ ఒక్క సర్వర్‌నే నమ్ముకోకుండా, ఎవరైనా సరే పొడిగించండని మళ్లీ అందరికీ కేక వేస్తుంది. ఎనిమిది గంటలూ నిండితే ఆ అడ్రస్ వాడకం ఆపెయ్యాలి.

దీన్ని అద్దె అనకుండా ఏమందాం?

వ్యాఖ్య: లీజు అనే ఉంచండి. పేపర్లో రోజూ చదువుతున్న మాటే కదా, దాన్ని ఎందుకు కదపడం?

జవాబు: లీజు తెలుగులో కలిసిపోయిన మాటే, నాకు దానిమీద పేచీ లేదు. ఇంకేదీ కుదరకపోతే అదే ఉంచుతాను. కానీ పేపర్లో లీజు కనబడినచోటల్లా దాని పక్కన లక్షలో కోట్లో ఉంటాయి. ఫైలు తిరగేసిన ఆవిడ లీజు అని చదివినా మళ్లీ అదే ఫైలు తీస్తారు.

వ్యాఖ్య: అరువు అనండి. డబ్బు గొడవ లేదు. తీసుకున్న వస్తువునే తిరిగి ఇవ్వాలి. అచ్చంగా సరిపోతుంది.

జవాబు: ఇది చూడగానే నాకూ సరే అనిపించింది. తెలుగులో ఈ తేడాలు ఎంత నిక్కచ్చిగా ఉన్నాయో చూడండి. డబ్బు తీసుకుంటే అప్పు. గ్లాసుడు పంచదారో, నాలుగు కాగితాలో తీసుకుని అంతే కొలతలో వేరేవి ఇస్తే బదులు. నగో, నిచ్చెనో తెచ్చుకుని వాడుకుని అదే వస్తువు తిరిగి ఇస్తే అరువు. పాతవాళ్లు దీన్ని ఎరువు అనేవారు, ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అనే సామెతలో ఉన్నది అదే. అడ్రస్ విషయంలో అదే అంకె తిరిగి వెళుతుంది కాబట్టి ఈ మూడింటిలో అరువే దగ్గర.

కానీ ఒకచోట తేడా కొట్టింది. అరువు ఇచ్చినాయన ఎప్పుడు అడిగితే అప్పుడు వస్తువు ఇచ్చెయ్యాలి, ఆయనతో గడువు మాట్లాడుకోం. డీహెచ్‌సీపీలో అలా కాదు. గడువు నిండేదాకా ఆ అడ్రస్‌ని ఇంకొకరికి ఇవ్వనని సర్వర్ మాట ఇచ్చినట్టే. అవతలివాళ్లకి ఆ మాత్రం భరోసా ఉంటుంది. అరువులో ఆ భరోసా లేదు.

వ్యాఖ్య: నేను రిటైరైన తెలుగు మాస్టర్ని. కంప్యూటర్ల సంగతి నాకు తెలియదు గానీ, మీరు పైన “మాట ఇచ్చినట్టే” అన్నారు చూడండి, అక్కడ ఆగాను. కౌలు అనే పదం అరబీ ‘ఖౌల్’ నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా మనకి వచ్చింది. ఖౌల్ అంటే పలుకు, ఇచ్చిన మాట. మాట ఇవ్వడం కాస్తా ఒప్పందమైంది, ఒప్పందం కాస్తా భూమిని గడువు పెట్టి అప్పగించడం అయింది. ఉర్దూలో ‘ఖౌల్ ఓ ఖరార్’ అని జంటగా అంటారు. ఆ రెండోదే మన ఖరారు. మీ నాలుగు మాటల సంభాషణలో చివర సర్వర్ “ఇచ్చాను” అంటుందన్నారే, దాన్ని ఖరారు అనుకోండి. కౌలు ఖరారైంది.

జవాబు: మాస్టారూ, మీ వ్యాఖ్యని మూడుసార్లు చదువుకున్నాను. అక్నాలెడ్జ్‌కి అందరూ ‘రసీదు’, ‘అంగీకార సూచన’ అని రాస్తుంటే నాకెప్పుడూ ఎక్కడో వెలితిగా ఉండేది. ఖరారు! ఇన్నాళ్లూ రోజూ నోట్లో నలుగుతున్న మాటే. ఆ నాలుగో మెసేజ్ వచ్చేదాకా కంప్యూటర్ ఆ అడ్రస్ వాడకూడదు. ఖరారు కాలేదు కాబట్టి వాడకూడదు అంటే చాలు, ఇక వివరణ అక్కర్లేదు.

వ్యాఖ్య: ఒక అభ్యంతరం. కౌలుకైనా డబ్బో, పంటలో వాటానో ఇవ్వాలి కదండీ. అద్దెని కాదని కౌలు తెచ్చినంత మాత్రాన డబ్బు సంగతి ఎక్కడికి పోతుంది?

జవాబు: న్యాయమైన ప్రశ్న. నేనూ అక్కడే ఆగిపోయాను. అందుకే వాదించే బదులు అడిగి చూద్దామనుకున్నాను. ఆ కాగితంలో మాట మార్చి, ‘మీ ఐపీ అడ్రస్ కౌలు గడువు తీరింది’ అని రాసి, ఏమీ చెప్పకుండా ఆ అకౌంట్స్ ఆవిడకే చూపించాను. ఆవిడ చదివి, “అయితే మళ్లీ తీసుకోవాలా?” అన్నారు. ఇంకేం కావాలండీ? సరిగ్గా కంప్యూటర్ చెయ్యాల్సిన పని అదే. అద్దె అనగానే చెల్లింపు ముందుకొస్తుంది. కౌలు అనగానే వస్తువు మనది కాదని, దానికో గడువు ఉందని ముందు తోస్తుంది. డబ్బు ఊహ పూర్తిగా పోదు, ఒప్పుకుంటాను. వెనక్కి జరుగుతుంది. పైగా కౌలుదారు, కౌలుకిచ్చు, కౌలు గడువు అని వరసగా మాటలు పుట్టించుకోవచ్చు. అద్దెదారు అని రాసి చూడండి, చదివేవాడికి ఇల్లే కనబడుతుంది.

వ్యాఖ్య: మరి రెన్యూకి? మా దగ్గర ‘పునరుద్ధరణ’ అని రాస్తున్నారు.

జవాబు: దయచేసి వద్దండీ. పోయినదాన్ని, పాడైనదాన్ని మళ్లీ నిలబెడితే పునరుద్ధరణ. కరెంటు పోయి వస్తే సరఫరా పునరుద్ధరణ అంటాం. ఇక్కడ గడువు సగంలో ఉండగానే, ఇంకా ఏమీ పోకముందే అడుగుతున్నాం. అది పొడిగింపు. ‘పునరుద్ధరించు’ అనే బటన్ చూసినవాళ్లు ఏదో చెడిపోయిందనే అనుకుంటారు.

రిలీజ్‌ని ‘విడుదల’ అనడం కూడా నాకు నచ్చదు. ‘ఐపీకాన్‌ఫిగ్ రిలీజ్’ అనే కమాండ్ కొట్టినప్పుడు కంప్యూటర్ తన చేతిలో ఉన్న అడ్రస్‌ని తానే వదిలేస్తోంది. విడుదల అంటే ఎవరో దాన్ని విడిపించినట్టుంది. ‘వదులుకోవడం’ అంటే చాలు. ఎక్స్‌పైర్డ్‌కి ‘కాలం చెల్లిన’ అని చూశాను, అది మందుసీసాకి సరిపోతుంది. 192.168.1.57 అనే అడ్రస్‌కి కాలం చెల్లదు, ఇంకో గంటలో మరొకరి దగ్గర చక్కగా పనిచేస్తుంది. గడువు తీరింది, అంతే.

వ్యాఖ్య: ప్రింటర్‌కి ఎప్పుడూ ఒకే అడ్రస్ రావాలని సర్వర్‌లో పెడతాం కదా, రిజర్వేషన్. దానికి మాట ఉందా? ‘ఆరక్షణ’ అని ఒక అనువాదంలో చూసి భయపడ్డాను.

జవాబు: ఉంది, మంచి మాట. అట్టిపెట్టడం. రైల్లో పక్కవాళ్లు టీ తాగి వచ్చేదాకా సీటు అట్టిపెడతాం కదా. అలాగే ఫలానా మ్యాక్ అడ్రస్ (తయారీలోనే మెషీన్‌కి పడే గుర్తు) ఉన్న ప్రింటర్ ఎప్పుడొచ్చి అడిగినా ఇవ్వడానికి సర్వర్ ఆ ఐపీని అట్టిపెడుతుంది. ఇక్కడ ఒక తేడా చెప్పాలి, చాలామంది పొరబడతారు. ప్రింటర్‌లోనే అడ్రస్ చేత్తో కొట్టేస్తే అది స్థిర అడ్రస్, దాంట్లో సర్వర్ ప్రమేయం లేదు. అట్టిపెట్టిన అడ్రస్‌ని మాత్రం ప్రింటర్ మిగతావాటిలాగే అడిగి తీసుకుంటుంది, దానికీ కౌలు గడువు ఉంటుంది, పొడిగింపు ఉంటుంది. రెండింటినీ ‘స్థిర’ అనేస్తే రేపు గేట్‌వే మార్చినప్పుడు ఏ మెషీన్ దగ్గరికి నడిచి వెళ్లాలో, ఏది సర్వర్‌లో మారిస్తే చాలో తెలియదు.

వ్యాఖ్య: 169.254తో మొదలయ్యే అడ్రస్ కనబడితే దాన్ని ఏమనాలి? అది కౌలు కాదు కదా.

జవాబు: కాదు. అడిగినా ఏ సర్వరూ పలకలేదు కాబట్టి కంప్యూటర్ తనంతట తాను ఒకటి ఎంచుకుని, అది ఇంకెవరూ వాడటం లేదని చూసుకుని పెట్టుకున్నది. దానికి 2005లో వేరే ప్రమాణమే ఉంది. నేను ‘సొంతంగా పెట్టుకున్న అడ్రస్’ అని రాశాను. దాంతో పక్క కంప్యూటర్‌తో మాట్లాడొచ్చు గానీ, అది బయటికి దారి చూపదు.

వ్యాఖ్య: ఎవరో ఇంటి రౌటర్ తెచ్చి ఆఫీసు కేబుల్‌కి పెడితే, అది కూడా అడ్రసులు పంచడం మొదలుపెడుతుంది. మా దగ్గర సగం మందికి నెట్ పోయింది. ‘రోగ్ సర్వర్’ని తెలుగులో ఏమంటారు?

జవాబు: కౌలు అనే మాట పట్టుకుంటే ఇది చెప్పడం తేలిక. తనది కాని పొలాన్ని కౌలుకిచ్చినవాడు. తీసుకున్నవాడు మోసపోతాడు, అసలు యజమానికి సంగతే తెలియదు. రాతలో ‘అనధికార సర్వర్’ అంటాను. ‘దొంగ’ అనను. చాలాసార్లు తెచ్చిపెట్టినవాళ్లకి అది అలా చేస్తుందని తెలియదు, పాపం. ఆఫీసు కేబుళ్లన్నీ కలిసే స్విచ్‌లో స్నూపింగ్, అంటే డీహెచ్‌సీపీ మాటలు ఎటు నుంచి వస్తున్నాయో చూసే కాపలా, పెడితే అసలు సర్వర్ ఉన్న పోర్టు నుంచి వచ్చే మాట తప్ప ఇంకెవరి ఆఫరూ ముందుకు పోదు.

వ్యాఖ్య (మాస్టారు): ఇంకొక్కటి అడుగుతాను. గడువు లేకుండా ఇవ్వడం ఉంటుందా మీ పద్ధతిలో?

జవాబు: ఉంటుందండీ. గడువు రాసే గడిలో 32 బిట్లు, అంటే సున్నా గానీ ఒకటి గానీ పట్టే చోట్లు, ఉంటాయి, అన్నీ ఒకట్లే పెడితే అనంతం అని అర్థం. దాన్ని ‘శాశ్వత కౌలు’ అందామా, లేక గడువే లేనప్పుడు కౌలు అనడమే తప్పా? నాకు తేలడం లేదు, మీరే చెప్పాలి. మిగతావి ఈ సాయంత్రం పత్రంలో మార్చేశాను. మొదటి పేజీలో ఇప్పుడు ఇలా ఉంది: ‘అడ్రస్ 169.254తో మొదలైతే సర్వర్ మాట మీ కంప్యూటర్‌కి చేరలేదు, కేబుల్ చూడండి. కౌలు గడువు తీరిందని వస్తే కంగారుపడకండి, కట్టాల్సిందేమీ లేదు. నెట్‌వర్క్ ఒకసారి ఆపి మళ్లీ పెడితే కంప్యూటర్ కొత్తగా అడిగి తీసుకుంటుంది.’