పునరుద్ధరించిన డిస్కు చేతికొచ్చాక పాత టేపు ఎందుకు?

పాతరీలు: పాత భయానక చిత్రాల వీహెచ్‌ఎస్ టేపులు నా దగ్గర నూట నలభై దాకా ఉన్నాయి. సగానికి పైగా వాటికి పునరుద్ధరించిన బ్లూ-రేలు కూడా కొన్నాను. అల్మరాలో ఇక చోటు లేదు. డిస్కు ఉన్న సినిమాల టేపులు తీసేయవచ్చా?

నీలిరేయి: తీసేయండి, ఆలోచించే పనే లేదు. టేపు కంటే బ్లూ-రేలో బొమ్మ ఎన్నో రెట్లు స్పష్టంగా ఉంటుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి చెబుతాను. 1922 నాటి ‘నోస్ఫెరాటు’లో రాత్రి సన్నివేశాలను చాలావరకు పట్టపగలే తీసి, రాత్రిలా కనిపించేలా ఆ భాగాలకు నీలిరంగు అద్దారు. చవక టేపులను రంగు లేని నలుపు-తెలుపు ప్రింట్ల నుంచి తీశారు. వాటిలో రక్తపిశాచి ఓర్లాక్ శవపేటికను చంకన పెట్టుకొని ఎండలో ఊరంతా తిరుగుతాడు, చివర్లో అదే ఎండ తగిలి చస్తాడు. ఇక కథకు అర్థమేముంది?

గబ్బిలం: బూజు పట్టిన టేపులుంటే ముందు వేరు చేయండి. ఒక్కటి వీసీఆర్‌లో పెడితే చాలు, తర్వాత పెట్టిన వాటికీ అంటుకుంటుంది.

టేపులపెట్టె: నీలిరేయి గారు, మీరు తప్పంటున్న ఆ ఎండే నన్ను భయపెట్టింది. పదకొండేళ్ల వయసులో టేపులో చూశాను. ఖాళీ వీధి, బూడిదరంగు వెలుతురు, పేటిక మోస్తూ అతను. రాత్రైతే దయ్యం రావడం మామూలే. పట్టపగలు వచ్చాడే అని వణికాను. ఇంకో మాట. ‘డ్రాక్యులా’ నవలను అనుమతి లేకుండా సినిమాగా తీశారని, దాన్ని రాసిన బ్రామ్ స్టోకర్ భార్య వేసి గెలిచిన దావాలో ఆ చిత్రం ప్రతులన్నీ నాశనం చేయమని కోర్టు ఆదేశించింది. ఆ ఆదేశానికి అందకుండా ఎక్కడెక్కడో మిగిలిన ప్రింట్ల వల్లే మీ పునరుద్ధరణ సాధ్యమైంది. ఉంచుకున్నవాళ్లను తప్పుపట్టే ముందు అది గుర్తుంచుకోండి.

నీలిరేయి: వాళ్లు దాచింది ఫిల్ము ప్రింటు. మీరు దాచుకున్నది ఆ ప్రింటు నకలుకు నకలు. మీ భయం నిజమే కావచ్చు, అది దర్శకుడు ముర్నావ్ తీసిన రాత్రి మాత్రం కాదు. నీలిరంగు గురించి నేనడిగిన దానికి మీరు జవాబివ్వలేదు.

టేపులపెట్టె: నీలిరంగు, నీలిరంగు! సరే, 1931 నాటి ‘ఫ్రాంకెన్‌స్టీన్’ చూద్దాం. చెరువు గట్టున పాప పువ్వులు నీటిలో వేస్తుంది, అవి తేలతాయి. చేతిలో పువ్వులు అయిపోయాక ఆ జీవి పాపను కూడా తేలుతుందనుకొని విసురుతాడు. కత్తిరించిన ప్రతిలో అతను చేతులు చాచడంతోనే దృశ్యం ఆగిపోతుంది. తర్వాత తండ్రి పాప శవాన్ని ఎత్తుకొని వీధుల్లో నడుస్తాడు. మధ్యలో ఏం జరిగిందో తెలియక జనం ఇంకా ఘోరమైనవి ఊహించుకున్నారు. ఆ ముక్క 1980ల్లో తిరిగి చేరింది. దశాబ్దాలపాటు లోకం చూసింది మాత్రం కత్తిరించిన ప్రతినే. అలాంటిది ఒక్కటైనా ఎక్కడో ఉండాలి కదా?

నీలిరేయి: ఉంటే ఉండనీ, పాత ఫిల్ములు దాచే భద్రాలయాల్లో. కత్తిరింపు వల్ల ఆ అమాయకుడు దుర్మార్గుడిగా కనిపించాడు. దర్శకుడు జేమ్స్ వేల్‌కు జరిగిన అన్యాయాన్ని అపురూపంగా దాచుకోమంటున్నారు మీరు.

గబ్బిలం: ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ సంగతీ చూడండి. 1968లో పేరు మార్చినప్పుడు తెరమీది కాపీరైట్ ప్రకటన ఎగిరిపోయింది. దాంతో హక్కులు పోయి, ఎవరికి తోచినట్టు వాళ్లు మసక టేపులు అమ్ముకున్నారు. అసలు నెగెటివ్ నుంచి చేసిన పునరుద్ధరణ 2016లో వచ్చింది. ఆ టేపులు మాత్రం నేను సందేహించకుండా తీసేశాను.

టేపులపెట్టె: తీసేశాక డిస్కు చెడిపోతే? నేను జీతంలోంచి కూడబెట్టి ఎనిమిది డిస్కుల పెట్టె కొన్నాను. నాలుగేళ్లకు మూడో డిస్కు అంచున గోధుమరంగు మచ్చ కనిపించింది. ఏడాదిలో అది లోపలికి పాకింది, సినిమా సగంలో ఆగిపోతోంది. కంపెనీకి రాస్తే సరుకు అయిపోయిందన్నారు. అదే సినిమా ముప్పై ఏళ్ల టేపులో ఇప్పటికీ ఆడుతోంది, పైన కాస్త గీతలు వస్తాయంతే.

నీలిరేయి: ఒక్క డిస్కు పాడైందని డిస్కులన్నిటినీ తిట్టడం ఏం న్యాయం? మీకు సినిమా అక్కర్లేదు, మీ చిన్నతనం కావాలి.

టేపులపెట్టె: మాట జాగ్రత్త. 1958 ‘డ్రాక్యులా’లో సెన్సారు తీసేసిన ముక్కలు టోక్యోలోని భద్రాలయంలో దొరికాయి. నిప్పులో పోగా మిగిలిన రీళ్లవి. బ్రిటన్‌లో వేరే ప్రతి ఉంది కదా అని జపాన్ వాళ్లు పారేసి ఉంటే, ఎండలో డ్రాక్యులా తన ముఖం తానే పీక్కునే దృశ్యం ఈరోజు మీ డిస్కులో ఉండేదా? ఏ ప్రతి అసలైనదో తేల్చడానికి మీరెవరు?

నీలిరేయి: నేనెవరినో చెబుతాను. నేను బడిలో పాఠాలు చెబుతాను. పదేళ్ల కిందట ఎంతో ఇష్టంతో ‘నోస్ఫెరాటు’ టేపు తెచ్చి పిల్లలకు చూపించాను. సెకనుకు 18 ఫ్రేముల దరిదాపున తిప్పాల్సిన దాన్ని అందులో 24తో ఎక్కించారు. ఓర్లాక్ గబగబా గెంతుతూ వచ్చాడు. నలభై మంది ఒక్కసారిగా నవ్వారు. ఒక పిల్లవాడు లేచి అలా నడిచి చూపించాడు. ఆ రోజు నుంచి వాళ్లలో ఒక్కరూ పాత సినిమా చూడమంటే ఒప్పుకోలేదు. మీరు ఇంట్లో ఒంటరిగా ఏ టేపు చూసుకున్నా నాకు పట్టింపు లేదు. అది ఇంకొకరికి మొదటి పరిచయం కాకూడదు. నా గొడవంతా అదే.

పాతరీలు: ఇద్దరూ వేర్వేరు సంగతులు మాట్లాడుతున్నారని ఇప్పుడు అర్థమైంది. ఒకరిది చూపించే బాధ, ఒకరిది దాచే బాధ.

టేపులపెట్టె: ఈ మాట ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు మాస్టారు. కొత్తవాళ్లకు నేనైనా డిస్కే చూపిస్తాను. అయినా టేపు పారేయాలంటే ఒప్పుకోను. ఆ ఎండ విషయంలోనూ ఒప్పుకోను.

నీలిరేయి: ఒప్పుకోవద్దు. పాతరీలు గారు, మీ ‘నోస్ఫెరాటు’ టేపు ఉంటే నాకు పంపగలరా? పెద్ద తరగతి పిల్లలకు ముందు డిస్కు చూపించి, తర్వాత పేటిక దృశ్యం ఒక్కటీ టేపులో వేస్తాను. ఏది భయపెట్టిందో వాళ్లనే అడుగుతాను.

పాతరీలు: తప్పకుండా. ఇప్పుడే తీసి చూశాను, బూజు లేదు.

టేపులపెట్టె: పంపే ముందు చివరిదాకా తిప్పి మళ్లీ మొదటికి చుట్టండి. ఏళ్లుగా కదలని టేపు పొరలు అతుక్కుపోయి ఉంటాయి, ఒక్కసారిగా లాగితే తెగుతుంది.