అప్‌డేట్: టేప్ రికార్డర్‌లో పాత పాటలు సాగిపోతున్నాయి అని అడిగింది నేనే

ఘంటసాల గొంతు సాగుతోంది, ‘స’లూ ‘శ’లూ మూసుకుపోయినట్టున్నాయి అని అడిగాను కదా. రెండూ వేరు వేరు జబ్బులు.

సాగడానికి కారణం మోటారు తిప్పుడుని లోపలి పుల్లీలకి (చిన్న చక్రాలకి) అందించే రబ్బరు బెల్టే. కరిగి తారులా పుల్లీలకి అంటుకుపోయింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లలతో తుడవాలి, ఓ పదిహేను పుల్లలు పడతాయి. చేతికంటితే సబ్బుకి ఓ పట్టాన వదలదు, పాత బనీను గుడ్డ దగ్గర పెట్టుకోండి. కరిగిన బెల్టుని కొలవలేం కాబట్టి పుల్లీల చుట్టూ దారం వేసి చూస్తే 21 సెం.మీ. వచ్చింది. అందులో 5 శాతం తగ్గించి 20 తీసుకోవాలి, అంటే మడిచి పట్టుకుంటే 10. మరీ బిగువైతే మోటారు మీద భారం, వదులైతే జారి మళ్ళీ అదే సాగుడు. బజారుకి సరుకులకి వెళ్ళేటప్పుడు ఆ దారం జేబులో వేసుకుంటే సరి, కొట్లో వాదన ఉండదు.

గొంతు మూసుకుపోవడం మాత్రం హెడ్ (టేపు ఆనుకుని నడిచే, పాటని చదివే లోహపు ముక్క) మీద పేరుకున్న గోధుమరంగు మడ్డి వల్ల. దాన్నీ అదే ఆల్కహాల్‌తో తుడవచ్చు. టేపుని లాగే రబ్బరు రోలరుకి మాత్రం తడిగుడ్డ, కాస్త సబ్బునీళ్ళు చాలు. అప్పటికీ తేరుకోకపోతే హెడ్ పక్కన స్ప్రింగున్న స్క్రూని పాట నడుస్తుండగానే పావు తిప్పులోపు అటూ ఇటూ కదపాలి. పాటలో తాళాల మోత తేటగా గలగలమన్న చోట ఆపేయడమే.

టేపు అంచున తెల్లగా బూజు కనబడే క్యాసెట్లని మాత్రం వేయకండి. మన సముద్రపు తేమగాలికి అది మామూలే. కానీ ఒక్కటి వేసినా బూజంతా హెడ్‌కి పట్టి, తుడిచిందంతా మళ్ళీ మొదటికొస్తుంది.