అటక దింపిన సామాను ఆన్‌లైన్ వేలానికి పెట్టాలి, సలహా చెప్పండి

తెనాలి కోడలు:

నమస్తే అండీ. మా అత్తగారి ఇల్లు అపార్టుమెంటుకి ఇచ్చేశాం. వచ్చే నెలాఖరుకి ఖాళీ చేసి బిల్డరుకి తాళాలు ఇవ్వాలి. ఏళ్ళ తరబడి ఎవరూ ఎక్కని అటక ఇప్పుడు దింపాం. దుమ్ముకి నాకూ మా ఆయనకీ తుమ్ములు ఇంకా తగ్గలేదు.

దిగినవి ఇవీ: ఒక మర్ఫీ రేడియో (ముందు బట్ట చిరిగింది, నాబ్ ఒకటి లేదు), దాని లైసెన్సు పుస్తకం, ట్రంకుపెట్టె నిండా గ్రామఫోను ప్లేట్లు (వాయించే పెట్టె మాత్రం ఏమైందో దేవుడికెరుక), ఊళ్ళో పెళ్ళిళ్ళకి అందరూ అడిగి పట్టుకెళ్ళేంత పెద్ద ఇత్తడి గంగాళం, మా అత్తగారి అత్తగారి కాలం నాటి పన్నీరు బుడ్లు ఒక జత, గోడకి తగిలించే దుప్పికొమ్ములు, పసుపు గుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట. ఇవి కాక నిమ్మకాయంత ఇత్తడి డబ్బా ఒకటి ఉంది. చిన్న గొలుసు, గొలుసు చివర పుల్లలాంటిది, లోపల తెల్లగా పెచ్చు కట్టి ఉంది. అదేమిటో ఇంట్లో ఎవరికీ తెలీదు. ఫొటోలు కింద పెట్టాను.

పాత సామాన్లు కొనే ఆయన వచ్చి అన్నీ కలిపి 18 వేలు అన్నాడు. అంటున్నంతసేపూ చూపు గంగాళం మీదే. డాలస్‌లో ఉన్న మా మరిది "నేను వచ్చినప్పుడు పట్టుకొచ్చి ఈబేలో పెడతాను వదినా, తొందరపడకండి" అంటాడు. ఫేస్‌బుక్ గ్రూపుల్లో కూడా వేలం పాటలు జరుగుతాయని విన్నాను. ఎక్కడ పెట్టాలి, ఎంత నుంచి మొదలుపెట్టాలి? ఈలోపు మా పనమ్మాయి అన్నీ చింతపండు పెట్టి తళతళలాడేలా తోమేస్తానని కూర్చుంది.

వాల్వు బాబాయ్:

అమ్మాయ్, ముందు ఆ చింతపండు లాక్కో. వంటకి బిందె కొనేవాళ్ళకి మెరుపు కావాలి, పాత వస్తువులు దాచుకునేవాళ్ళకి ఆ నల్లటి పొరే కావాలి. ఒకసారి తోమితే అది మళ్ళీ పట్టడానికి నీ మనవలు అటక దింపాల్సిందే. పొడి గుడ్డతో దుమ్ము దులిపించు, చాలు.

గంగాళాన్ని వేలానికి పెట్టకు. ఇత్తడికి తూకం రేటు ఉంది, అది అందరికీ తెలుసు, పాట ఎంతసేపు సాగినా ఆ రేటు చుట్టూనే తిరుగుతుంది. పైగా అంత బరువు పార్సిలు చేయడానికే తల ప్రాణం తోకకొస్తుంది. ఇప్పుడు ఇళ్ళ ముందు నీళ్ళు పోసి పూలు వేసి పెట్టుకోవడానికి ఇలాంటివి కొంటున్నారు. గుంటూరు, విజయవాడ నుంచి వచ్చి చూసుకుని వేసుకెళ్ళేవాళ్ళకి ఒక ధర చెప్పి ఇచ్చెయ్.

వేలం దేనికంటే, ధర నీకూ సరిగ్గా తెలీక, కావాలనేవాళ్ళు మాత్రం ఇద్దరైనా ఉన్న వస్తువుకి. బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలకి పోయింది, 2024లో 30 లక్షల వెయ్యి పలికింది. పెరిగింది శనగపిండి ధర కాదుగా, పాడేవాళ్ళ పంతం. నీ సామానులో అలా పంతం పుట్టించేవి మూడు: ప్లేట్లు, రేడియో, ఆ నిమ్మకాయంత డబ్బా. అది సున్నపుకాయ. తాంబూలంలోకి సున్నం అందులో పెట్టుకుని, ఆ పుల్లతో తీసి ఆకుకి రాసుకునేవారు. లోపలి పెచ్చు గీకకు, నిజంగా వాడిన వస్తువని చెప్పేది అదే. అడకత్తెరలు, సున్నపుకాయలు పోగుచేసేవాళ్ళు అన్ని ఊళ్ళలోనూ ఉన్నారు, పోస్టులో పంపడమూ తేలిక. ముందు దానితోనే మొదలుపెట్టు, చెయ్యి తిరుగుతుంది.

ఇక రేడియో. బెజవాడలో బీసెంట్ రోడ్డు పక్క సందులో ఇవే బాగుచేసి పిల్లల్ని చదివించాను కాబట్టి చెబుతున్నా, దాన్ని ప్లగ్గులో పెట్టకు. "మోగుతుందేమో చూద్దాం" అని మీ ఆయన తప్పకుండా సరదాపడతాడు, ఆపు. లోపలి కాగితం కండెన్సర్లు పాడయిపోయి ఉంటాయి, నేరుగా కరెంటు ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. కొన్ని పాత సెట్లలో రేకు ఛాసిస్‌కే కరెంటు వస్తుంది, చెయ్యి తగిలితే ప్రమాదం. మేమైతే బల్బు సీరీస్‌లో పెట్టి మెల్లగా ఎక్కిస్తాం. "పరీక్షించలేదు" అని రాయి, అందులో నామోషీ లేదు. వెనక అట్ట తీసి వాల్వుల మీద, అంటే లోపలి గాజు గొట్టాల మీద, నంబర్లు కనబడేలా ఫొటో తియ్యి. ఈఎల్ 84 లాంటి వాల్వు ఉంటే సెట్టు మూగదైనా సరే, ఆంప్లిఫయర్లు కట్టుకునే కుర్రాళ్ళు పోటీపడతారు. చిరిగిన బట్టకీ, నాబ్ లేని చోటుకీ దగ్గర నుంచి ఒక్కో ఫొటో పెట్టు. లైసెన్సు పుస్తకం రేడియోతో కలిపేయకు. అప్పట్లో రేడియో పెట్టుకున్నందుకు పోస్టాఫీసులో ఫీజు కడితే దానిలో స్టాంపులు అంటించేవారు, వాటికి స్టాంపుల వాళ్ళు వేరే ఉన్నారు.

లక్కప్లేటు:

ప్లేట్లకి నేను వస్తాను, బాబాయ్ గారూ. ట్రంకుపెట్టెలో ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉంటే ఈరోజే తీసి నిలబెట్టండి. 78లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే ఈ పాత ప్లేట్లు, లక్కతో చేసినవి, బరువుకి పగులుతాయి. స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరిగి పాట కూడా పోతుంది.

లేబుల్ మీద కుక్క బొమ్మ ఉంది కదా అని లక్షల ఆశ పెట్టుకోవద్దు. సినిమా పాటల ప్లేట్లు అప్పట్లో కుప్పలుగా అమ్ముడయ్యాయి, అవి పదేసి కట్టగా పెట్టండి. నాటకాల పద్యాలు, హరికథలు ఉంటే మాత్రం విడిగా తీయండి. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు లాంటి నాటకాల నటుల పేర్లు కనబడితే ఒక్కో ప్లేటుకి విడిగా వేలం పాట పెట్టాల్సిందే. రెండు వైపుల లేబుళ్ళూ, లేబుల్ పక్కన ప్లేటులో చెక్కి ఉన్న నంబరూ ఫొటోలో రావాలి. ప్లేటుని కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టి తీస్తే గీతలు దాగవు.

గ్రూపుల్లో వేలం పాట సాధారణంగా ఆదివారం రాత్రి. నెల మొదటి వారమైతే ఇంకా మంచిది, జీతాలు పడి ఉంటాయి. మొదటి ధర, కనీస పెంపు, ముగిసే టైము, కొరియరు ఖర్చు ఎవరిదో ముందే రాసేయండి. చివరి ఐదు నిమిషాల్లో ఎవరైనా పాడితే ఇంకో ఐదు నిమిషాలు పొడిగిస్తామని కూడా రాయండి. లేకపోతే అందరూ ఆఖరి నిమిషం దాకా గప్‌చుప్‌గా ఉండి ఒకేసారి మీద పడతారు. మొదటి ధర తక్కువే పెట్టండి, కానీ ఆ ధరకే పోతే మీరు ఏడవనంత ఉండాలి. మీ తోడికోడలి చేత పాడించి ధర పెంచే పని మాత్రం చేయకండి. గ్రూపుల్లో ముదుర్లుంటారు, పట్టేస్తే మీ పేరు చూసి ఇంకెవరూ పాడరు.

ఫైలు నంబరు:

ఆ దుప్పికొమ్ముల ఫొటో ముందు ఇక్కడ నుంచి కూడా తీసేయండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. యాజమాన్య సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకే అమ్ముకునే హక్కు లేదు, మీ దగ్గర ఆ కాగితమూ ఉండదు. అటవీశాఖ వాళ్ళని కలిసి ఏం చేయాలో అడగండి. తాత గారి వేట కబుర్లు మాత్రం పోస్టులో రాయకండి!

ఈబే ఇండియా 2018 ఆగస్టులోనే మూతపడింది. మీ మరిది గారు చెప్పేది అమెరికా ఈబే. రేడియో వరకు పరవాలేదు కానీ పన్నీరు బుడ్లు సూట్‌కేసులో పెట్టుకోనివ్వకండి. వందేళ్ళు దాటిన కళాఖండాలని ప్రైవేటు మనుషులు దేశం దాటించకూడదు, అది పురావస్తువుల చట్టం, అదీ 1972దే. వయసు మీద అనుమానం ఉంటే పురావస్తు శాఖ నుంచి "ఇది పురావస్తువు కాదు" అనే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. రాతప్రతులకి వందేళ్ళు కూడా అక్కర్లేదు, 75 చాలు. కాబట్టి తాటాకులు వేలం జోలికి తేకండి. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది, వాళ్ళకి ఒకసారి చూపించండి.

తెనాలి కోడలు:

అందరికీ థాంక్స్ అండీ. పనమ్మాయి అలిగింది, చింతపండు పులిహోరలోకి పోయింది. తాటాకుల సంగతి మా ఆయన తిరుపతి వెళ్ళినప్పుడు చూస్తానన్నారు. మరిదికి కూడా చెప్పేశాను, "అయితే సున్నపుకాయ నాకుంచండి" అంటున్నాడు. పాటలో పాడుకోమన్నాను.

కానీ ఒక టెన్షన్. రేడియో ఫొటో గ్రూపులో పెట్టిన గంటకే ఒకాయన ఫోన్. "లోపల ఎర్ర గొట్టం ఉందా మేడం, అందులో రెడ్ మెర్క్యురీ ఉంటే కంపెనీ వాళ్ళు 40 లక్షలిస్తారు, టెస్టింగ్ ఫీజు 5 వేలు మీరు కట్టాలి" అన్నాడు. వెనక చూస్తే నిజంగానే ఒక వాల్వు ఎర్రగా ఉంది! మా ఆయన అప్పటి నుంచి రేడియోకి దుప్పటి కప్పి తిరుగుతున్నారు.

వాల్వు బాబాయ్:

దుప్పటి తియ్యమను. అది వాల్వు మీద కొట్టిన రంగు. పక్క వాటి గోల దానికి అంటకుండా లోహప్పూత వేసి పైన ఎర్రరంగు వేసేవారు, ఫిలిప్స్ వాల్వులు అలాగే వచ్చేవి. ఆ ఎర్ర పాదరసమూ లేదు, 40 లక్షలిచ్చే కంపెనీ లేదు. 2009లో సౌదీలో ఇదే పుకారు పాత సింగర్ కుట్టుమిషన్ల మీద లేచింది, జనం ఎగబడి కొన్నారు. మన దగ్గర బియ్యాన్ని లాగే మహిమ గల రైస్ పుల్లర్ చెంబు అని ఊళ్ళకి ఊళ్ళు మునిగిన కథ కూడా ఇదే. ఫీజు ముందు అడిగినవాడి నంబరు బ్లాక్ చెయ్యి.

ఫైలు నంబరు:

ఇంకొకటి వస్తుంది చూడండి. "డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. మనకి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొడితే మన ఖాతాలోంచే పోతుంది. ఒకవేళ పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

తెనాలి కోడలు:

బ్లాక్ చేశాను. సున్నపుకాయ పాట ఈ ఆదివారం రాత్రి 9 నుంచి 10 దాకా, మొదటి ధర 300, పెంపు 50. రేడియో ఆ పై వారం.

లక్కప్లేటు:

350.

తెనాలి కోడలు:

ఇక్కడ కాదండీ, గ్రూపులో! అదీ ఆదివారం. మీరు ప్లేట్ల మనిషి కదా, సున్నపుకాయ మీకెందుకు?

లక్కప్లేటు:

మా నాన్నగారికి. ఆయన ఇప్పటికీ సున్నం పౌడరు డబ్బా మూతలో కలుపుకుంటున్నారు.